గ్రీన్‌వే బాట ప్లానింగ్‌కు క్యూజీఐఎస్: ఎక్కడిదాకా నమ్మవచ్చు?

నడిచేవాళ్లకూ సైకిల్ తొక్కేవాళ్లకూ కలిపి ఒక బాట వేయించుకుందామని నలుగురు కూర్చుంటే, ముందుగా ఎవరో ఒకరు ఫోన్‌లో మ్యాప్ తెరిచి వేలితో దారి చూపిస్తారు. "ఇదిగో, కాలువ గట్టు మీదుగా ఇలా వచ్చి, ఇక్కడ రోడ్డు దాటి, పార్కులో కలిపేద్దాం." అక్కడిదాకా సాఫీగానే ఉంటుంది. పొడవెంత, ఎక్కుడు ఎక్కడ, ఎన్ని రోడ్లు దాటాలి, ఎవరి స్థలంలోంచి పోతుంది, కంకర ఎంత పడుతుంది అని అడగడం మొదలైతే వేలితో చూపిన దారి జవాబు చెప్పదు. ఆ జవాబుల కోసం ఒక మామూలు బృందానికి ఉచితంగా దొరికేవాటిలో క్యూజీఐఎస్ అనే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌కు సాటి వచ్చేది లేదు. అలాగని అది చూపించిన ప్రతి అంకెనూ నమ్మితే పని మధ్యలో చిక్కు తప్పదు.

తీర్పు ముందే చెప్పేస్తాను. నాలుగైదు దారుల్లో ఏది పనికొస్తుందో తేల్చుకోవడానికి, ఫీల్డులో వివరాలు రాసుకోవడానికి, జనం ముందు పెట్టే మ్యాపులు తయారు చేయడానికి దీన్ని కళ్లు మూసుకుని వాడుకోవచ్చు. స్థలం హద్దు తేల్చడానికి, లెవెల్స్‌కు, మలుపుల డిజైన్‌కు మాత్రం వాడకూడదు. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. మనం అందులోకి ఎక్కించే డేటాకు అంత పదును ఉండదు. తెరమీద గీత ఎంత సన్నగా కనిపించినా నేలమీద దాని మందం పది మీటర్లు ఉండొచ్చు.

ఏమిటిది, ఎందుకిది

క్యూజీఐఎస్ కంప్యూటర్‌లో నడిచే మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టారు. జీపీఎల్ లైసెన్సు కింద వస్తుంది కాబట్టి లైసెన్సు రుసుము లేదు, ఎన్ని కంప్యూటర్లలోనైనా వేసుకోవచ్చు. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లో పనిచేస్తుంది. డౌన్‌లోడ్ పేజీలో రెండు రకాలు కనిపిస్తాయి: కొత్తది, ఎల్‌టీఆర్ అనే స్థిరమైనది. బృందంలో అందరూ ఎల్‌టీఆర్‌నే వేసుకోండి. ఒకరి దగ్గర కొత్తది, ఇంకొకరి దగ్గర పాతది ఉంటే, కొత్తదాంట్లో సేవ్ చేసిన ప్రాజెక్టు పాతదాంట్లో తెరిచినప్పుడు రంగులో లేబుళ్లో తారుమారు కావచ్చు. అప్పుడు లోపం ఎక్కడుందో వెతకడానికే ఒక పూట పోతుంది.

గూగుల్ ఎర్త్‌లో కూడా గీత గీసి ఎత్తుల ప్రొఫైల్ చూడొచ్చు కదా అంటే, చూడొచ్చు. మొదటి సాయంత్రం ముచ్చట్లకు అదే తేలిక. కానీ నాలుగు దారులను పక్కపక్కన పెట్టి, ఒక్కోదానికి రోడ్డు దాటే చోట్లు లెక్కగట్టి, పట్టికలో పెట్టే పనికి వచ్చేసరికి ఆగిపోతుంది. డబ్బు కట్టి వాడే ఆర్క్‌జీఐఎస్ శక్తిమంతమైనదే. అయితే బాట సంఘాల్లో మనుషులు మారుతూ ఉంటారు. చందా ఆగిన రోజున ఫైళ్లు తెరవలేని పరిస్థితి రాకూడదు.

నేర్చుకోవడం కష్టమా? మొదటి వారం కష్టమే. బటన్లు లెక్కలేనన్ని ఉంటాయి, హెచ్చరికలు అర్థంకాని భాషలో వస్తాయి. అయితే బాట పనికి కావలసినవి మొత్తం పది పన్నెండు టూల్స్ మాత్రమే. మిగతావాటి జోలికి పోనక్కర్లేదు.

మొదటి పది నిమిషాల్లోనే జరిగే తప్పు

చాలామంది చేసే మొదటి పని, అందరూ కలిసి దిద్దే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ను వెనక పటంగా తెచ్చిపెట్టుకోవడం. మామూలు సెట్టింగుల్లో క్యూజీఐఎస్ మొదట వచ్చిన లేయర్ (మ్యాపు మీద పరిచే ఒక్కో పొర) కొలతల పద్ధతినే ప్రాజెక్టు మొత్తానికి పట్టుకుంటుంది. వెబ్ పటాలది ఈపీఎస్‌జీ 3857 పద్ధతి. అందులో భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ కొలత సాగుతుంది. 30 డిగ్రీల అక్షాంశం దగ్గర 10 కిలోమీటర్ల బాట సుమారు 11.5 కిలోమీటర్లు అవుతుంది. 45 డిగ్రీల దగ్గర 14 దాటుతుంది.

ఇది వెంటనే పట్టుబడదు. ఎందుకంటే కొలత టేపు బొమ్మతో కొలిస్తే భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకుని సరైన దూరమే చెబుతుంది. పట్టికలో లెక్కలు వేసే ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌లో డాలర్ గుర్తుతో మొదలయ్యే లెంగ్త్ కూడా సరిగ్గానే ఇస్తుంది. అదే క్యాలిక్యులేటర్‌లో బ్రాకెట్లలో జియోమెట్రీ పెట్టి రాసే లెంగ్త్ మాత్రం సాగిన కొలత ఇస్తుంది. గీత చుట్టూ ఇచ్చినంత దూరం పట్టీ గీసే బఫర్ టూల్ కూడా అంతే. ఒకే బాటకు ఇద్దరు రెండు పొడవులు పట్టుకొచ్చి వాదించుకుంటున్నారంటే నూటికి తొంభైపాళ్లు ఇదే కారణం.

విరుగుడు చాలా చిన్నది. ఏ పనీ మొదలుపెట్టకముందే ప్రాజెక్టును మీ ప్రాంతపు యూటీఎం జోన్‌లోకి (భూమిని నిలువు పట్టీలుగా చేసి మీటర్లలో కొలిచే పద్ధతి) మార్చండి. రేఖాంశానికి 180 కలిపి, 6తో భాగించి, వచ్చిన పూర్ణసంఖ్యకు 1 కలిపితే జోన్ నంబర్ వస్తుంది. తూర్పు 10 డిగ్రీలైతే 190ని 6తో భాగిస్తే 31 పైచిలుకు, అంటే జోన్ 32. ఉత్తరార్ధగోళంలో దాని కోడ్ 32632, దక్షిణాన 32732. ప్రాజెక్టును మార్చడంతో అయిపోదు. గీత ఉన్న లేయర్ కూడా అదే పద్ధతిలో ఉండాలి, ఎందుకంటే బఫర్ లాంటి టూల్స్ లేయర్ యూనిట్లను చూస్తాయి. డిగ్రీల్లో ఉన్న లేయర్‌కు 10 అని బఫర్ ఇస్తే అది 10 మీటర్లు కాదు, 10 డిగ్రీలు. సగం ఖండం రంగుతో నిండిపోయి కనిపిస్తే కంగారుపడకండి, కారణం ఇదే.

రెండో జాగ్రత్త ఫైలు రకం. షేప్‌ఫైల్ వద్దు, జియోప్యాకేజ్ వాడండి. తెలుగులో పనిచేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరు 10 బైట్లు దాటకూడదు. తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు విడివిడిగా 3 బైట్లు పడతాయి. "బాట" అన్న మాటకు 9 బైట్లు అవుతుంది కాబట్టి ఎలాగో ఇముడుతుంది. "వెడల్పు"కు 21 కావాలి, కాబట్టి తెగిపోతుంది. జియోప్యాకేజ్‌కు ఆ బాధ లేదు. పైగా నాలుగైదు చిల్లర ఫైళ్లకు బదులు ఒకే ఫైలులో అన్ని లేయర్లూ ఉంటాయి.

డేటా తెచ్చుకోవడం

రోడ్లు, కాలువలు, వంతెనలు, పాత రైలు కట్టలు, ఉన్న సైకిల్ దారులు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి క్విక్‌ఓఎస్ఎం అనే ప్లగిన్ ద్వారా వస్తాయి. కీ దగ్గర హైవే అని రాసి, వాల్యూ ఖాళీగా వదిలి, తెరమీద కనిపించే ప్రాంతానికే పరిమితం చేసి రన్ కొడితే చాలు. పెద్ద ప్రాంతం అడిగితే సర్వర్ మధ్యలో చేతులెత్తేస్తుంది, ముక్కలుగా అడగండి. వచ్చిన లేయర్లు తాత్కాలికమైనవి. జియోప్యాకేజ్‌లోకి సేవ్ చేయకుండా మూసేస్తే పోతాయి.

ఒక్క విషయం బాగా గుర్తుంచుకోవాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో లేనంత మాత్రాన నేలమీద లేదని కాదు. సర్ఫేస్ అనే గడి ఖాళీగా ఉందంటే ఆ దారి మట్టిదనీ కాదు, తారుదనీ కాదు, ఎవరూ ఇంకా రాయలేదని అర్థం. స్థలం ఎవరిదన్న సంగతి అందులో అసలు ఉండదు. పాత రైలు కట్టల కోసం రైల్వే కీకి అబాండన్డ్, డిస్‌యూజ్డ్ అనే రెండు విలువలతోనూ వెతకాలి. ఒక్కదానితో వెతికితే సగం తప్పిపోతాయి. ఈ కట్టలు దొరికితే అదృష్టమే. రైళ్లు ఏటవాలు ఎక్కలేవు కాబట్టి వాటి వాలు మామూలుగా 2, 3 శాతం లోపే ఉంటుంది.

ఉపగ్రహ చిత్రం మీద కూడా నమ్మకం హద్దులో ఉంచుకోవాలి. ఒకే చోటిని రెండు సంస్థల చిత్రాల్లో చూస్తే ఒకే చెట్టు కొన్ని మీటర్లు పక్కకు జరిగి కనిపించడం మామూలే. దారి గీసే ముందు ఒక కూడలి మూలనో, వంతెన చివరనో పట్టుకుని రెండు చిత్రాల్లోనూ పోల్చి, ఎంత తేడా ఉందో రాసిపెట్టుకోండి.

ఎత్తుపల్లాలు: బొమ్మ బాగుంటుంది, లెక్క తప్పుతుంది

ఈ సాఫ్ట్‌వేర్ ఆకట్టుకునేదీ, తప్పుదారి పట్టించేదీ ఇక్కడే. 3.26 వెర్షన్ నుంచి ఎలివేషన్ ప్రొఫైల్ అనే ప్యానెల్ దానితోపాటే వస్తోంది. గీతను ఎంచుకుంటే ఎత్తుపల్లాల వంపు బొమ్మగా వచ్చేస్తుంది. బొమ్మ ఖాళీగా వస్తే, ఎత్తుల లేయర్ ప్రాపర్టీస్‌లో ఎలివేషన్ అనే పేజీకి వెళ్లి అది ఎత్తుల ఉపరితలమని టిక్ పెట్టలేదన్నమాట. ఇంకో సంగతి, ఆ బొమ్మలో నిలువు కొలత బాగా సాగదీసి ఉంటుంది. రెండు మీటర్ల దిబ్బ కూడా కొండలా కనిపిస్తుంది. సమావేశంలో దాన్ని అలాగే చూపిస్తే పెద్దవాళ్లు "అమ్మో, ఇంత ఎక్కాలా" అని వెనక్కి తగ్గుతారు. పక్కనే శాతాల్లో వాలు రాసి చూపించండి.

అసలు చిక్కు ఎత్తుల డేటాలో ఉంది. ఉచితంగా దొరికేవాటిలో ఎక్కువమంది వాడేవి రెండు. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ స్పేస్ షటిల్ నుంచి రాడార్‌తో కొలిచిన ఎస్ఆర్‌టీఎం ఒకటి, తర్వాత వచ్చిన కోపర్నికస్ జీఎల్ఓ-30 రెండోది. రెండూ నేలను గడులుగా చేసి ఒక్కో గడికి ఒక్క ఎత్తు ఇస్తాయి, ఒక్కో గడి సుమారు 30 మీటర్లు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కోపర్నికస్‌నే తీసుకోండి, అది మెరుగు. అయినా రెండూ నేల ఎత్తును కాక పైకి కనిపించే ఉపరితలాన్ని కొలిచినవి. దట్టమైన చెట్ల మీదుగా పోతే చెట్ల పైభాగపు ఎత్తు కలిసి వస్తుంది. తోపులోకి బాట దూరగానే పది మీటర్లు ఎక్కి, బయటికి రాగానే దిగినట్టు ప్రొఫైల్ చూపిస్తే అది గుట్ట కాదు, తోపే.

సొరంగాలు, వంతెనలు ఉంటే ఇంకా విడ్డూరం. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1967లో తెరిచిన ఎల్‌రాయ్–స్పార్టా బాట పాత రైలు కట్ట మీద వేసినది. దాని దారిలో మూడు సొరంగాలున్నాయి. ఆ గీతను ఈ డేటా మీద వేసి ప్రొఫైల్ తీస్తే సొరంగం ఉన్నచోట బాట కొండెక్కి దిగినట్టే వస్తుంది. సైకిల్ మీద పోయేవాడికి మాత్రం అక్కడ దాదాపు సమతలమే. వంతెన దగ్గర దీనికి తలకిందులు: లోయ అడుగు ఎత్తు తీసుకుని పెద్ద గుంట చూపించే అవకాశం ఉంటుంది. సొరంగాలు, వంతెనల చోట్లను ముందే గుర్తించి, ఆ ముక్కల ఎత్తులను రెండు చివర్ల నుంచి సరాసరిగా వేసుకోవాలి.

వాలు లెక్కకు పద్ధతి ఇదీ. పాయింట్స్ అలాంగ్ జియోమెట్రీ టూల్‌తో గీత మీద సమాన దూరాల్లో చుక్కలు పెట్టాలి. శాంపుల్ రాస్టర్ వాల్యూస్‌తో ఒక్కో చుక్కకు ఎత్తు తీసుకోవాలి. పక్కపక్క చుక్కల ఎత్తుల తేడాను దూరంతో భాగిస్తే వాలు వస్తుంది. ఎంత దూరానికి ఒక చుక్క అన్నదాంట్లోనే అంతా ఉంది. 30 మీటర్లకు ఒకటి పెడితే, పక్కపక్క గడుల్లో మీటరున్నర పొరపాటు ఉన్నా చాలు, 5 శాతం దొంగ వాలు పుట్టుకొస్తుంది. నడకకూ సైకిల్‌కూ కలిపి వేసే బాటకు మామూలుగా పెట్టుకునే పైహద్దే 5 శాతం! అంటే కొలత పొరపాటు ఒక్కటే మంచి దారిని పనికిరానిదిగా చూపించగలదు. 300 మీటర్లకు ఒక చుక్క పెడితే అదే పొరపాటు అర శాతానికి తగ్గుతుంది. కాబట్టి దారుల ఎంపికకు 200 నుంచి 300 మీటర్ల సగటు వాలు మాత్రమే చూడండి. సగటే 4 శాతం దాటిన ముక్కలను ఎర్రరంగు వేసి నడిచి చూడండి.

ఇందులో దొరకనిది ఇంకొకటి ఉంది, అదే చాలా బాటలను చెడగొడుతుంది. కాలువ గట్టు వచ్చి రోడ్డును కలిసే చోటు తీసుకోండి. గట్టు రోడ్డుకంటే మీటరున్నర ఎత్తులో ఉందనుకుందాం. 5 శాతం వాలుతో దిగాలంటే 30 మీటర్ల ర్యాంపు కావాలి, అంటే ఎత్తుల డేటాలో సరిగ్గా ఒక్క గడి. ప్రొఫైల్‌లో అక్కడ ఏమీ కనిపించదు. నేలమీద చూస్తే గట్టు అంచున జారిపోయిన మట్టి, మనుషులు అడ్డంగా దిగి చేసిన కాలిదారి, కింద డ్రెయిను, డ్రెయిను పక్కన కరెంటు స్తంభం ఉంటాయి. ఆ 30 మీటర్లకు చోటు లేకపోతే చక్రాల కుర్చీ, పిల్లల బండి, బరువు కట్టిన సైకిల్ అక్కడే ఆగిపోతాయి. ఇలాంటి చోట్లన్నీ చేత్తో లెక్కపెట్టాలి. గీత రోడ్డును దాటే ప్రతి చుక్కకూ "ఎత్తు తేడా" అనే గడి పెట్టుకుని, ఫీల్డులో టేపుతో కొలిచిన అంకె మాత్రమే అందులో రాయండి.

వెడల్పు, హద్దులు

అమెరికా రహదారుల అధికారుల సంఘం ఆష్టో మార్గదర్శకాల ప్రకారం ఇద్దరికీ కలిపిన బాటకు 3 మీటర్లు మామూలు కనీస వెడల్పు. తప్పనిసరి ఇరుకు ఉన్న కొద్దిపాటి చోట్ల 2.4 మీటర్లు. రెండువైపులా 0.6 మీటరు చొప్పున చదునైన అంచు వదలాలి. అంటే కనీసం 4.2 మీటర్ల పట్టీ. నీళ్లు పోయే దారి, చెట్లు దీనికి అదనం. దీన్ని మ్యాపులో పరీక్షించాలంటే మధ్యగీతకు 2.1 మీటర్ల బఫర్ వేసి, స్థలాల హద్దుల మీద పెట్టి చూస్తారు. చాలామంది ఇక్కడే ఆగి "మన బాట ఎవరి స్థలంలోకీ పోవట్లేదు" అని ప్రకటించేస్తారు. గొడవలు మొదలయ్యేది ఆ ప్రకటనతోనే.

ఆ హద్దులు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. కాగితం మ్యాపును స్కాన్ చేసి జియోరెఫరెన్సర్‌తో కూర్చోబెట్టి ఉంటారు. 1:4000 మ్యాపులో అర మిల్లీమీటరు మందం గీత నేలమీద 2 మీటర్లు. స్కానింగులో కాగితం వంకర, చుక్కలు గుర్తించడంలో చేతి పొరపాటు దానికి తోడు. జియోరెఫరెన్సర్‌కు మూడు చుక్కలిస్తే చాలు, పని కానిచ్చేస్తుంది. అయితే మూడే ఇస్తే తప్పెంతో తెలియదు, ఎందుకంటే మూడు చుక్కలకు అది ఎలాగైనా సరిగ్గా కూర్చుంటుంది, మిగులు సున్నా అని చూపిస్తుంది. ఎనిమిది పది చుక్కలు మ్యాపు నలుమూలలా పెట్టి, రెసిడ్యువల్ (ఆ మిగులు) ఎంత వస్తుందో చూడాలి. అది మీ హద్దుల నిజమైన మందం గురించి మొదటి సూచన.

మొత్తం పొరపాటు 5 మీటర్లు అనుకుంటే రెండు బఫర్లు వేయండి: 2.1 మీటర్లది ఒకటి, 7.1 మీటర్లది ఒకటి. పెద్దది కూడా ఏ హద్దునూ తాకని ముక్కలకు ఆకుపచ్చ. చిన్నదే హద్దు దాటుతున్న చోట గీతను జరిపి చూడాలి. మధ్యలో పడ్డవి పసుపు, అక్కడ సర్వేయర్ కొలిచేదాకా ఎవరికీ ఏమీ చెప్పకూడదు. పసుపు ముక్కల మొత్తం పొడవే సర్వే పని ఎంతో చెబుతుంది. నా దృష్టిలో ఈ సాఫ్ట్‌వేర్ ఒక బృందానికి ఇవ్వగల అత్యంత విలువైన అంకె అదే.

ఫీల్డులో క్యూఫీల్డ్

కంప్యూటర్‌లో తయారుచేసిన ప్రాజెక్టును ఫోన్‌లోకి తీసుకెళ్లే యాప్ క్యూఫీల్డ్. నెట్ లేకున్నా పనిచేస్తుంది, చుక్క పెట్టి ఫొటో తీసి అక్కడికక్కడే వివరాలు రాయొచ్చు. ఫీల్డుకు బయల్దేరేముందు ఫారం కంప్యూటర్‌లోనే తయారు చేసుకోవాలి. చేత్తో టైపు చేసే గడులు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. ఒకరు "తారు", ఇంకొకరు "తార్ రోడ్డు", మరొకరు "బీటీ" అని రాస్తే తర్వాత లెక్క తేలదు. వాల్యూ మ్యాప్ పెట్టి ఎంచుకునే జాబితా ఇవ్వండి. ఫొటోల దారి రిలేటివ్‌గా ఉండేలా చూసుకోండి. లేదంటే ఫోన్‌లో కనిపించిన ఫొటోలు కంప్యూటర్‌కు రాగానే కనిపించవు.

రోడ్డు దాటే చోట్ల ఫారంలో రోడ్డు వెడల్పు, బండ్ల వేగం, ఎడమకూ కుడికీ ఎంతదూరం కనిపిస్తోంది, అంచు రాయి ఎత్తు, రాత్రి వెలుతురు ఉండాలి. కనిపించే దూరం ఎందుకంటే, 7 మీటర్ల రోడ్డును సెకనుకు ఒక మీటరు చొప్పున నడిచే పెద్దాయన దాటడానికి 7 సెకన్లు, చూసి అడుగు వేయడానికి ఇంకో 3. ఈ 10 సెకన్లలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి 167 మీటర్లు వచ్చేస్తుంది. అంత దూరం కనిపించకపోతే దాటే చోటు మార్చాలి, లేదా బండ్ల వేగం తగ్గించే ఏర్పాటు చేయాలి. మధ్యలో ఆగడానికి దిమ్మె కట్టినా లెక్క దాదాపు మూడింట రెండొంతులకు తగ్గుతుంది.

ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా సుమారు 5 మీటర్లు అటూఇటూ ఉంటుంది. చెట్ల కింద, గోడల పక్కన ఇంకా ఎక్కువ. కాబట్టి గోడకు బాటకు మధ్య దూరాన్ని చుక్కలను బట్టి చూడకూడదు, టేపుతో కొలిచి గడిలో రాయాలి. ఫోన్ చూపించే ఎత్తు జోలికి అసలు పోవద్దు. కొన్ని ఫోన్లు సముద్రమట్టం నుంచి కాక, భూమికి గణితంగా వేసుకున్న దీర్ఘవృత్తం నుంచి కొలిచిన ఎత్తు ఇస్తాయి. చోటును బట్టి ఆ రెంటికీ పదుల మీటర్ల తేడా ఉంటుంది.

ఎంతమందికి అందుతుంది

బాట చుట్టూ 800 మీటర్ల వలయం గీసి "ఇంతమందికి పది నిమిషాల నడక" అని చెప్పడం ప్రతి ప్రణాళికలోనూ కనిపిస్తుంది. గోడలూ కాలువలూ లేని ఊళ్లోనే అది నిజం. దానికి బదులు సర్వీస్ ఏరియా టూల్ వాడండి. బాటలోకి ప్రవేశించే చోట్ల నుంచి వీధుల వెంట 800 మీటర్లు ఎక్కడిదాకా పోవచ్చో గీతలుగా ఇస్తుంది. రోడ్లు ఎక్కడా తెగకుండా కలిసి ఉంటేనే ఇది పనిచేస్తుంది. చేత్తో గీసిన దారి చివర పక్క రోడ్డుకు పది సెంటీమీటర్లు దూరంలో ఆగినా టూల్ దృష్టిలో అక్కడ దారి లేదు. గీసేటప్పుడే గీత చివరను పక్క గీతకు అతికించే స్నాపింగ్ ఆన్ చేసుకోండి. ఫలితం చూశాక ఒక ప్రవేశద్వారం అదనంగా పెట్టి మళ్లీ నడిపితే, గోడలో ఒక్క గేటు తెరవడం వల్ల ఎన్ని వీధులు కలుస్తాయో కళ్లముందు కనిపిస్తుంది. అధికారులను ఒప్పించడానికి ఇంతకంటే మంచి బొమ్మ ఉండదు.

మలుపులు, కంకర, షీట్లు

మలుపుల్లో స్మూత్ టూల్ జోలికి పోవద్దు. అది గీతను నునుపు చేస్తుందేగాని మలుపు వ్యాసార్థం ఎంత ఉందో పట్టించుకోదు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో సైకిల్ 20 డిగ్రీలు ఒరిగి తిరగాలంటే సుమారు 20 మీటర్ల వ్యాసార్థం కావాలి. ఒక చుక్కకు 20 మీటర్ల బఫర్ వేసి, ఆ వృత్తాన్ని మలుపు లోపలి వైపు ఆనించి చూస్తే చాలు. గీత వృత్తంలోకి చొరబడితే మలుపు బిగుసుగా ఉన్నట్టు. అదే వేగానికి సమతలం మీద ఆగడానికి 43 మీటర్లు కనిపించాలి, 5 శాతం దిగుడులో 53. దిగుడు చివర మలుపు, మలుపు తర్వాత రోడ్డు ఉన్న దారిని మొదటి వడపోతలోనే తీసేయండి.

పరిమాణాల లెక్కకు ఫీల్డ్ క్యాలిక్యులేటర్ చక్కగా పనికొస్తుంది. గీతను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు వెడల్పు, మందం రాసి గుణిస్తే సరి. 6 కిలోమీటర్ల బాటకు అడుగు పొర రెండువైపులా 0.3 మీటరు చొప్పున ఎక్కువగా, 3.6 మీటర్ల వెడల్పున 150 మిల్లీమీటర్ల మందం వేస్తే 3,240 ఘనపు మీటర్లు. ఇది రోలర్ తొక్కాక ఉండే పరిమాణం. లారీలో వచ్చేది వదులు కంకర, 25 శాతం ఎక్కువ పడుతుందనుకుంటే 4,050. పైన 3 మీటర్ల వెడల్పున 50 మిల్లీమీటర్ల రాతి పొడి పొరకు 900. వంతెనలూ కల్వర్టులూ ఉన్న ముక్కలను ఈ లెక్కలోంచి తీసేయడం మరచిపోవద్దు. అడ్డ వాలు 2 శాతం దాటకూడదు, అంటే 3 మీటర్లకు 6 సెంటీమీటర్లు. ఇది మ్యాపులో కనిపించేది కాదు, నోట్‌లో రాసి ఇవ్వాల్సింది.

జనం ముందు పెట్టడానికి షీట్లు అట్లాస్ అనే సదుపాయంతో తీయాలి. ఏ3 కాగితం మీద 1:1000లో అంచులు పోగా 380 మీటర్లు పడుతుంది. షీటుకు షీటుకు 30 మీటర్లు కలిసేలా పెడితే 6 కిలోమీటర్లకు 18 షీట్లు. గీత మీద 350 మీటర్లకు ఒక చుక్క చొప్పున పెడితే ప్రతి చుక్కకూ యాంగిల్ అనే గడి దానంతటదే వస్తుంది. 90లోంచి ఆ యాంగిల్ తీసేసి మ్యాప్ రొటేషన్‌కు ఇస్తే బాట ప్రతి షీటులోనూ ఎడమ నుంచి కుడికి అడ్డంగా పడుతుంది. ఉత్తర దిక్కు బాణం కూడా మ్యాపుతోపాటు తిరిగేలా పెట్టండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్స్ అన్న మాట ప్రతి షీటు మీదా ఉండాలి, అది లైసెన్సు షరతు. మీరు గీసిన ప్రతిపాదనను మాత్రం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోకి ఉన్న దారిలా ఎక్కించకండి. ఎవరో దాన్ని నమ్మి రాత్రిపూట లేని బాట మీదకు సైకిల్ తిప్పుతారు.

ఇంజనీరుకు ఇచ్చేటప్పుడు

గీతను డీఎక్స్ఎఫ్‌గా ఎగుమతి చేస్తే ఇంజనీర్లు తమ సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకుంటారు. దానితోపాటు ఏ యూటీఎం జోనో రాసి ఇవ్వండి, డీఎక్స్ఎఫ్‌లో ఆ సంగతి ఉండదు. ఆకుపచ్చ, పసుపు ముక్కల పట్టిక, రోడ్డు దాటే చోట్ల పట్టిక జతచేయండి. ప్రొఫైల్ బొమ్మ మాత్రం పంపకండి. అది చూసి ఎవరైనా లెవెల్ సర్వే అయిపోయిందనుకుంటే బాట కట్టాక వానాకాలంలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో చెప్పలేం.

ఫైలు పంపేముందు క్యూజీఐఎస్‌ను పూర్తిగా మూసేయాలి. తెరిచి ఉన్నంతసేపు జియోప్యాకేజ్ పక్కనే అదే పేరుతో, చివర వాల్ అనీ ఎస్‌హెచ్ఎం అనీ ఉన్న రెండు చిన్న ఫైళ్లు ఉంటాయి. చివర్లో చేసిన మార్పులు ఇంకా వాల్ ఫైలులోనే ఉండొచ్చు. పెద్ద ఫైలు ఒక్కటే కాపీ చేసి పంపితే అవతలివాళ్లకు పాత గీత వెళ్తుంది. ఒకే జియోప్యాకేజ్‌ను షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి ఇద్దరు ఒకేసారి దిద్దడం కూడా కుదరదు, డేటాబేస్ లాక్ అయిందని మొండికేస్తుంది. దిద్దే బాధ్యత ఒకరికే ఇచ్చి, మిగతావాళ్లకు తేదీ వేసిన కాపీలు ఇవ్వండి.